మా కాకాది రాత్రి డ్యూటీ

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తల్లో షాద్‌నగర్‌లో గది కిరాయికి అడిగితే, పేరు కంటే ముందు "ఎంతమంది ఉంటరు?" అని అడిగేవాళ్లు. బోర్లు ఎండి ట్యాంకర్ల మీద బతికే ఇళ్లు కదా, మనిషిని బిందెల లెక్కన చూసేవాళ్లు. నేను ఛాతీ విరుచుకుని "ఒక్కణ్ణే" అని చెప్పి, మేడ మీద రేకుల గది సంపాదించాను. ఒక్కణ్ణే అనడంలో అంత మురిసిపోవాల్సింది ఏమీ లేదని తెలిసిరావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు.

సీసా మూతలు చేసే కంపెనీలో నా పని. పక్కవాడు ఏమన్నా మిషన్ల మోతలో వినబడదు. వినబడినా నేను నోరు తెరిచేవాణ్ణి కాదు. మా ఊరు మర్రిగూడలో ఫ్లోరైడ్ బోరు నీళ్లు నా పళ్లకు వేసిన గోధుమ రంగు చారల్ని చూసి, చేరిన మొదటి రోజే ఒకడు "ఏం తమ్మీ, గుట్కా బాగ నములుతవా?" అన్నాడు. అందరూ నవ్వారు. మూతలు చేసే కంపెనీలో నా నోటికి కూడా మూత పడింది. సాయంత్రం గదికొచ్చి, గుడ్డు కూర వండుకుని, గోడ వైపు తిరిగి తినేవాణ్ణి. (గోడ వైపే ఎందుకంటే, మిగిలిన మూడు వైపులా కూడా గోడలే.)

ఇక నా పిచ్చి సంగతి చెప్పాలి. చేతులు మడిచి, నడుము తిప్పి, తల లోపలికి నొక్కితే బండిగా మారిపోయే రోబో బొమ్మలంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. అసలు కంపెనీ బొమ్మ కొనాలంటే నెల జీతం కూడా చాలదు. అందుకని ఫోనులో వెతికి దాని నకలు తెప్పించుకున్నాను. అది పసుపు రంగు టిప్పరు. లేచి నిలబడితే మూరెడు మనిషి. సంబరం పట్టలేక ఫొటో తీసి, ఫోనులో అలాంటి బొమ్మలు సేకరించేవాళ్ల గ్రూపులో పెట్టాను. "బొమ్మ అరికాలు చూపించు" అన్నారు. చూపించాను. అక్కడ ఉండాల్సిన కంపెనీ ముద్ర లేదట. "డూప్లికేట్ మాల్ ఇక్కడ పెట్టొద్దు బ్రదర్" అని నన్ను గ్రూపులోంచి తీసేశారు. అదే గ్రూపులో, ఏ లైసెన్సూ లేకుండా వేరే కంపెనీలు అవే రోబోలను పోలి తయారుచేసే బొమ్మల్ని మాత్రం కళ్లకద్దుకునేవాళ్లు. అవి అసలు వాటికన్నా ఖరీదు మరి! దొంగసొత్తులో కూడా పెద్దింటిదీ చిన్నింటిదీ ఉంటాయని నాకప్పుడే తెలిసింది.

అలా నేనూ, ఆ బొమ్మా ఇద్దరమూ వెలివేయబడ్డవాళ్లం కనుక, మేమిద్దరమే మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. అంటే నేను మాట్లాడేవాణ్ణి, అతను వినేవాడు. వయసులో పెద్దవాడిలా కనిపించేవాడు గనక, మా వైపు బాబాయిని పిలిచినట్టు 'కాకా' అని పిలిచేవాణ్ణి. "కాకా, ఇయ్యాల సూపర్‌వైజర్ ఏమన్నడో ఎరికేనా?" "కాకా, కూరల ఉప్పెక్కువైందే." నవ్వితే నవ్వండి. పొద్దుటి నుంచీ కడుపులో మూటగట్టుకున్న మాటలు ఎక్కడో ఒకచోట విప్పాలి కదా!

ఒక సాయంత్రం ఇంటి ఓనరన్న మెట్ల దగ్గర ఆపేశాడు. "ఏం తమ్మీ, ఒక్కన్నే అని చెప్పి ఇద్దరుంటున్నరట? కాకా కాకా అని మాట్లాడుతున్నవట, మా అమ్మ ఇన్నదట."

రేకుల గదిలో మాట దాగదని నాకు తట్టనే లేదు. బొమ్మతో మాట్లాడుతున్నానని చెప్పడం కంటే అక్కడికక్కడే భూమిలోకి దిగబడటం నయమనిపించింది. నోటికొచ్చింది అనేశాను. "మా కాకా అన్నా. ఆయనది రాత్రి డ్యూటీ. చీకటి పడ్డంక పోతడు, తెల్లారకముందే వస్తడు. పొద్దంత పంటడు."

ఓనరన్న గది ఖాళీ చేయమనేవాడే. వెనక నుంచి వాళ్ల అమ్మ, అందరూ అవ్వ అని పిలిచే ఆమె, అడ్డం పడింది. "పొద్దంత పండుకునేటోడు ఎన్ని నీళ్లు వాడుతడు తియ్ రా! పోరనికి తోడుంటడు, ఉండనీ."

అప్పటి నుంచి నా బతుకే మారిపోయింది. రోజూ డ్యూటీ నుంచి రాగానే అవ్వ గేటు దగ్గర కూర్చుని పిలిచేది. "మీ కాకా తిన్నడార? పాణం మంచిగున్నదా? రాత్రి డ్యూటీకి వేడి చేస్తది, మజ్జిగ తాగుమను." కాకా కోసం గిన్నెలో పచ్చిపులుసు, ఒకనాడు సర్వపిండి, ఒకనాడు తలకాయ కూర. అవన్నీ నేనే తిన్నాను. (కాకా ఒక్క ముక్క ముట్టలేదు, మహానుభావుడు.) రెండు నెలల్లో నా ప్యాంటు గుండీ పట్టడం మానేసింది. "మీ కాకా బట్టలు ఆరేసినట్టు కనవడది?" అని అవ్వ అడిగిన మర్నాడే అంగడికి పోయి ఒక పెద్ద గళ్ల లుంగీ కొన్నాను. ఎవరూ కట్టని ఆ లుంగీని ప్రతి ఆదివారం ఉతికి, పిండి, మేడ మీద ఆరేసేవాణ్ణి. అబద్ధానికి ఇంత చాకిరీ ఉంటుందని ముందే తెలిస్తే నిజమే చెప్పేవాణ్ణేమో. కానీ నిజం చెబితే అవ్వ గేటు దగ్గర ఏమని పిలుస్తుంది? రోజు మొత్తంలో నన్ను పలకరించే మనిషి ఆమె ఒక్కతే. కాకా పోతే ఆ పలకరింపు కూడా పోతుందని నా భయం.

దసరా వచ్చింది. కొత్తగా చేరినవాణ్ణని కంపెనీలో సెలవు ఇవ్వలేదు. పొద్దుటి షిఫ్టు చేసి గదికొచ్చాను. ఊళ్లో జనం జమ్మి ఆకు చేతిలో పెట్టుకుని ఒకరినొకరు కావలించుకుంటున్నారు. అవ్వ ముందు రోజే చెప్పింది: "పండుగపూట ఇద్దరు కిందికొచ్చి మాతోని తినాలె. మీ కాకా కోసం మావోడు కల్లు గూడ తెప్పిచ్చిండు." కాకా ఊరికి పోయాడని చెబుదామనుకున్నాను. మరి నువ్వెందుకు పోలేదంటే? కాకాకు జ్వరమందామనుకున్నాను. చూస్తానని పైకొస్తే? ఆలోచిస్తూ మంచం మీద కూలబడ్డాను. ఇంతలో మెట్ల మీద మూలుగు వినిపించింది. మోకాళ్ల నొప్పులతో ఎన్నడూ పైకి ఎక్కని అవ్వ, జమ్మి ఆకు పట్టుకుని కాకాను స్వయంగా పిలవడానికి వచ్చేసింది.

"ఏడిరా మీ కాకా? ఇంక పన్నడా?"

గదిలో ఒక మంచం, ఒక పొయ్యి, కిటికీలో నిలబడ్డ పసుపు బొమ్మ. దాచడానికి చోటు కూడా లేదు. నేను వేలు చూపించాను. "గీయనే అవ్వా."

అవ్వ బొమ్మను చూసింది, నన్ను చూసింది. నేను బొమ్మను తీసి, బండి ఎట్లా అవుతుందో చూపించబోయాను. (మనిషికి మతి పోయినప్పుడు ఇలాంటి పనులే చేస్తాడు.) చెయ్యి మడవగానే టప్పుమని విరిగి కింద పడింది.

"అయ్యో, చెయ్యి ఇరిగెగదరా!"

"డూప్లికేట్ అవ్వా. అసలుది గాదు."

"డూప్లికేటైతేంది! నా పండ్లు గూడ డూప్లికేటే. బుక్కెడు బువ్వ తింటలేనా?" అని పళ్ల సెట్టు ఆడించి చూపించింది. నేను నవ్వాను, నా చారల పళ్లు బయటపడేలాగా. ఆమె మాత్రం నవ్వలేదు. మంచం అంచున కూర్చుని మెల్లగా అడిగింది: "గట్లంటే... ఇన్ని దినాలు నువ్వొక్కనివేనార?"

నేను తలూపాను.

"కాకా ఉన్నడని నేను నిమ్మలంగ పంటుంటి బిడ్డా" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఓనరన్న తిడతాడని, గది పోతుందని, పిచ్చివాడంటారని ఎన్నో భయపడ్డాను గానీ, నా కోసం ఎవరైనా బాధపడతారని నేను అనుకోలేదు. ఏడుపు ఆగలేదు.

కింద విస్తళ్లు వేశాక ఓనరన్న కల్లు ముంత పట్టుకుని "ఏడి, కాకా రాలేదా?" అన్నాడు. అవ్వే అందుకుంది. "పొద్దుగాల్నే ఊరికి పోయిండట. ఇగ రాడట. పోరడు ఒక్కడైండు, ఇయ్యాల్టి నుంచి రాత్రికి మనతోనే తింటడు." ఆ కంపెనీలో ఉన్నన్నాళ్లూ నేను వాళ్లింట్లోనే తిన్నాను.

ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నాను, అపార్ట్‌మెంటులో ఏడో అంతస్తు. నీళ్లకు కొదవ లేదు, ఎంతమంది ఉంటారని ఎవరూ అడగలేదు. అద్దాల బీరువాలో అసలు కంపెనీ బొమ్మలు వరసగా ఉన్నాయి, అరికాళ్ల కింద ముద్రలతో సహా. ఎవరూ కట్టని లుంగీని ఆదివారం పూట పిండి ఆరేసిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, వాడి మీద జాలీ వేస్తుంది. ఒక్కోరోజు ఆఫీసు నుంచి వచ్చి, బీరువా ముందు నిలబడి, "కాకా, తిన్నవా?" అని కాస్త గట్టిగానే అంటాను. గోడలు పలచనివే, పక్కింటి టీవీ నాకు మాటమాటా వినబడుతుంది. నీతో ఎవరుంటున్నారని అడగడానికి ఇంతవరకు ఎవరూ తలుపు తట్టలేదు.