కడిగినా పోని సెంటుతో అశోక్‌నగర్ దాకా

మా ఆడబిడ్డ సుజాతకు పాప పుట్టింది. అశోక్‌నగర్‌లో ఆమె ఇంటికి మా అత్తమ్మ పాలమూరు నుంచి వచ్చి, బాలెంత పనులన్నీ చూసుకుంటోంది. పురుడు వెళ్లేదాకా రావద్దని కబురు పెట్టింది. ఇరవై ఒకటో రోజు దాటగానే నేను నారాయణగూడ నుంచి ఒక్కదాన్నే బయలుదేరాను. పాపను ఒక్కసారి ఒళ్లో పెట్టుకోవాలని నా కోరిక. నా పెళ్లయి ఏడాదే అయింది. అత్తమ్మ ముందు ఇంతవరకు గట్టిగా రెండు మాటలు మాట్లాడలేదు. నా చేతికి పాపను ఇస్తుందా, నీకేం తెలుసని పక్కన కూర్చోబెడుతుందా అన్నదే దిగులు.

ఆ రోజు కొత్త చీర కట్టుకుని, మొదటిసారి సెంటు పూసుకున్నాను. మా ఆయనతో పనిచేసే ఒకాయన దుబాయి నుంచి తెచ్చిచ్చిన చిన్న సీసా అది. పెట్టె మీది ఇంగ్లీషు అక్షరాలు మా ఆయన కూడబలుక్కుని చదివాడు: "మిర్... టోంకా. ఏవో పువ్వుల పేర్లు కావచ్చు." రెండు మణికట్ల మీద, కొంగు చివర ఒక్కో చుక్క రాసుకున్నాను. మొదట ఘాటుగా, కొంచెం చేదుగా మందులాగా అనిపించి భయపడ్డాను. తొమ్మిదిన్నరకు వీధిలోకి వచ్చేసరికి చేదు తగ్గి, ఉడుకుతున్న బెల్లం పాకంలాంటి వాసన పైకి తేలింది. దాని వెనక ఎక్కడో బాదం పలుకు, ఎండుగడ్డి. మల్లెపూవుకూ దీనికీ చుట్టరికమే లేదు. ఎవరూ చూడనప్పుడు చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంటూ నడిచాను.

నారాయణగూడ నుంచి చిక్కడపల్లి మార్కెట్టుకు నిదానంగా నడిస్తే ఇరవై నిమిషాలు పడుతుంది. షేర్ ఆటోవాళ్లు పది రూపాయలు అడుగుతారు కానీ ఉదయం పూట నడకే బాగుంటుంది. మార్కెట్లో బాలెంతకని అరకిలో వెల్లుల్లి తీసుకున్నాను. తూకం వేస్తున్న ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"గిన్ని ఎల్లిగడ్డలు ఏం జేస్తవ్ చెల్లే? ఇంట్ల బాలెంత ఉన్నదా?"

"మా ఆడబిడ్డ. చూడనీకి పోతున్న."

"సెంటు గొట్టుకొని పోతున్నవా?" ఆమె తక్కెడ దించేసింది. "పసిపిల్ల ఉన్న ఇంటికి గట్ల పోతరా? వాసనలు పడవు. మీ అత్త ఉన్నదా ఆడ?"

"ఉన్నది."

"ఇగ అయిపాయె నీ పని!"

పక్కన ఆకుకూరలామె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఈ సంగతి మా అమ్మ చెప్పే ఉంటుంది, నేనే మరిచిపోయాను. మార్కెట్టు చివర నల్లా కనిపిస్తే చేతులు, కొంగు చివర రుద్ది రుద్ది కడిగాను. తడి ఆరగానే బెల్లం పాకం మళ్లీ వచ్చింది. ముందుకంటే తియ్యగా వచ్చింది! గాలికి పోతుందేమోనని అశోక్‌నగర్‌కు దగ్గర దారి వదిలేసి చుట్టు తిరిగాను. పది నిమిషాల దారికి అరగంట పట్టింది. ఎండకు ఒళ్లు వేడెక్కిన కొద్దీ వాసన కూడా, అడుగున ఉన్న మొదటి చేదుతో సహా, మేలుకుంది.

పదకొండుకు గడప దగ్గర నిలబడ్డాను. లోపల సాంబ్రాణి పొగ. అత్తమ్మ వచ్చి, గాలి పీల్చి, కళ్లు పెద్దవి చేసింది.

"ఏడ దొరికిందే నీకు?"

సెంటు గురించే అనుకుని చేతులు కొంగులో దాచుకున్నాను.

"బాలెంత బోళమే! సుజాతకు మింగబెట్టనీకి వారం నుంచి అల్లుడు కోఠి అంతా తిరుగుతున్నడు, మంచిది దొరుకుతలేదు. నువ్వు తెచ్చినవా బిడ్డా? తే ఇటు." అత్తమ్మ చెయ్యి చాచింది.

ఊరుకుంటే సరిపోయేదేమో. కానీ చాచిన చేతిలో పెట్టడానికి నా దగ్గర వెల్లుల్లి తప్ప ఏమీ లేదు. "బోళం కాదత్తమ్మా, సెంటు. తెలియక పూసుకున్న" అని నా మణికట్టు ముందుకు చాపాను. ఆమె దాన్ని పట్టుకుని వాసన చూసింది. మళ్లీ చూసింది.

"దుబాయోళ్లు మన బోళాన్ని సీసాలల్ల వోసి అమ్ముతున్నరా!" అని పడీ పడీ నవ్వింది. "ఓ సుజాతా, ఇటు జూడు. కాన్పు గాకముందే మీ వదిన బాలెంత వాసన దెచ్చుకున్నది!"

లోపలి నుంచి సుజాత నవ్వు వినబడింది. "వదినా, నాకు బోళం మింగే బాధ తప్పింది. నీ పక్కన కూసుంటే చాలు!"

అయినా అత్తమ్మ నన్ను నేరుగా లోపలికి రానివ్వలేదు. సున్నిపిండి చేతిలో పోసి మోచేతుల దాకా కడిగించింది. చీర విప్పించి సుజాత పాత నూలు చీర కట్టించింది. అప్పుడు గోడకు ఆనుకుని కూర్చోమని, పాపను తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "తల కింద చెయ్యి పెట్టు. ఆఁ, గట్లనే. వచ్చు నీకు" అంది.

పాప తల నా అరచేతిలో కుదురుకుంది. మిర్ అంటే పువ్వు కాదు, బోళమే; మా అమ్మ, అత్తమ్మ పురిటిలో మింగిన చేదు బంక. దుబాయి దాకా వెళ్లి తిరిగొచ్చి నాకు దొరికింది. ఆ మధ్యాహ్నం అత్తమ్మతో నేను మాట్లాడినన్ని మాటలు ఏడాది మొత్తంలో మాట్లాడలేదు. మీరూ పసిబిడ్డను చూడటానికి వెళ్తుంటే సెంటు సీసా ఇంట్లోనే ఉంచండి. అప్పటికే పూసుకుని ఉంటే కడిగి లాభం లేదు, సంచిలో ఒక ఉతికిన నూలు చీర పెట్టుకుని వెళ్లండి.