రొయ్య ముల్లు గుచ్చుకుందని చెప్పాను

మా బంధువుల్లో ఎవరిని అడిగినా, నా భార్య కుడిచేతి చూపుడువేలు రొయ్య ముల్లు గుచ్చుకుని పోయిందనే చెబుతారు. వాళ్ళకు ఆ మాట చెప్పింది నేను. అది అబద్ధం.

తొంభైల చివర్లో భీమవరం దగ్గర రొయ్యలు ఒలిచే షెడ్డులో సూపర్‌వైజరుగా చేసేవాణ్ణి. నా భార్యది నరసాపురం పక్క పల్లె, చిన్నప్పటి నుంచి లేసు అల్లిన చెయ్యి. పెళ్ళయిన నాలుగో ఏడు చలికాలంలో ఆమె వేళ్ళు తెల్లబడడం మొదలైంది. చన్నీళ్ళు తగిలితే సున్నం పూసినట్టు తెలుపు, కాసేపటికి నీలం, తరవాత ఎరుపు. నేను లెక్కచేయలేదు. మా షెడ్డులో పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టే ఆడవాళ్ళందరి వేళ్ళూ పాలిపోయే ఉంటాయి. అందరికీ అయ్యేదే ఈమెకూ అవుతోందనుకున్నాను.

ఒకరోజు సరుకు మీద సరుకు వచ్చి పడింది. మనుషులు చాలలేదు. నా భార్యను తీసుకెళ్ళి ఐసు తొట్టి ముందు నిలబెట్టాను. నాలుగు రొయ్యలు ఒలిచి చేతులు కొంగులో చుట్టుకుంది.

"ఐసులో పెట్టలేనండి. వేళ్ళు చచ్చిపోతున్నాయి."

పక్కనున్న పెద్దామె నవ్వింది. "సూపర్‌వైజరు గారి ఆవిడ కదమ్మా. మనవేమో అరువు తెచ్చుకున్న చేతులు."

షెడ్డంతా నవ్వింది. నేను వెళ్ళి నా భార్య రెండు మణికట్లూ పట్టుకుని మోచేతుల దాకా ఐసులోకి తోశాను. గింజుకుంది. వీపు మీద నా బరువంతా వేసి అదిమాను. ఆమె నుదురు తొట్టి అంచుకు కొట్టుకుని చిట్లింది. ఐసు మీద రక్తం పడింది. నవ్విన ఆడవాళ్ళే నన్ను వెనక్కి లాగారు. నీలంగా మారిన చేతుల్ని ఆమె నాకు చూపించబోతే చెంప మీద కొట్టాను.

వారం తిరిగేసరికి చూపుడువేలి కొన నల్లబడింది. ఊళ్ళో ఆరెంపీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఏం జరిగిందని ఆయన అడిగితే ఆమె నావైపు చూసింది.

"రొయ్య ముల్లు గుచ్చుకుందండి," అన్నాను.

మా వైపు అది రోజూ వినే మాట. ముల్లు గుచ్చుకుంటే చీము పడుతుంది, చీము పడితే కోస్తారు. ఆయన ఇంకేమీ అడగలేదు. గట్టిగా పట్టుకోమన్నాడు. మళ్ళీ ఆ మణికట్టే పట్టుకున్నాను. బ్లేడు దిగింది. చీము రాలేదు. రక్తం కూడా సరిగ్గా రాలేదు. ఇంకా లోతుగా కోశాడు. ఆమె నా చొక్కా కొరికి పట్టుకుంది.

ఆ కోత మానలేదు. ఎముక కనపడ్డాక రాజమండ్రి వెళ్ళాం. అక్కడి డాక్టరుగారు వేలు కంటే ముందు ఆమె మొహం చూశారు. ముక్కు సన్నబడింది, పెదాల చుట్టూ చర్మం బిగుసుకుంది. అప్పటిదాకా నేను చిక్కిపోయిందనే అనుకున్నాను. నోరు తెరవమంటే రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరవలేకపోయింది. ఇది ఒంట్లోనే పుట్టే ఒక జబ్బనీ, ఇందులో సన్నటి రక్తనాళాలు లోపల దెబ్బతిని మూసుకుపోతాయనీ, చర్మం పాత గాయం మచ్చలా గట్టిపడుతుందనీ, ఊపిరితిత్తులకూ అదే గతి పట్టవచ్చనీ చెప్పారు.

"జబ్బు ఎవరి వల్లా వచ్చింది కాదు. కానీ చలి తగలకుండా కాపాడుకోవలసిన వేలండీ ఇది. దీన్ని ఎందుకు కోయించారు?"

"ముల్లు గుచ్చుకుందండి," అంది నా భార్య, నాకంటే ముందు.

"ఐసులోగాని చేతులు పెట్టావామ్మా?"

"లేదండి."

ఆయన నావైపు తిరిగి, పెన్ను బల్ల మీద పెట్టి ఎదురుచూశారు. చెప్పడానికి కావలసినంత సమయం ఇచ్చారు.

"ముల్లేనండి," అన్నాను.

మర్నాడు ఆ వేలు రెండు కణుపుల దాకా తీసేశారు.

తిరుగు బస్సులో, నిజం ఎందుకు చెప్పలేదని ఆమెను అడిగాను. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ, నా చెయ్యి తగలకుండా కాస్త పక్కకు జరిగింది.

"మళ్ళీ ఇంటికి మీతోనే కదండీ రావాలి," అంది.