పాదాలకు రంగు వచ్చేదాకా

ఖమ్మంలో నేను పనిచేసే పిల్లల వార్డులో ఆక్సిజన్ సీసాలో నీళ్లు బుడబుడమంటుంటే కొత్త సిస్టర్లకు నిద్ర ముంచుకొస్తుందట. నాకు మాత్రం వెన్ను జలదరిస్తుంది. ఆ చప్పుడు వెనకాలే సుభద్ర మేడం వచ్చి నిలబడ్డట్టుంటుంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో భద్రాచలంలోని ఒక చిన్న పిల్లల దవాఖానాలో ఆమె డాక్టర్, నేను అప్పుడే చేరిన నర్సును. మహా కోపిష్టి. వార్డులో గట్టిగా దగ్గినా గుడ్లురిమి చూసేది. అయినదానికీ కానిదానికీ పసిబిడ్డను ముట్టుకుంటే ఆమెకు ఒళ్లు మండేది. ఈవిడకు పిల్లలంటే ప్రేమే లేదని లోలోపల తిట్టుకునేదాన్ని.

ఒక వానాకాలం, పట్టపగలే చీకటి కమ్ముకున్న రోజు, పర్ణశాల అవతలి అడవి పల్లె నుంచి ఒక అవ్వ అప్పుడే పుట్టిన మనవణ్ని కొంగులో చుట్టుకుని జీపులో వచ్చింది. కాన్పు కష్టమై ఉమ్మనీరు బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయింది. తల్లి లేవలేక ఊళ్లోనే ఉండిపోయింది. గుడ్డ విప్పి చూశాను. ముఖం, కుడిచేయి ఎర్రగానే ఉన్నాయి. నడుం కింద నుంచి పాదాల దాకా నేరేడుపండు రంగు. ఒక్క ఒంట్లో ఇద్దరు పిల్లలు, ఒకడు బతికినవాడు, ఒకడు బతకనివాడు.

నేను దేవుణ్ని తలుచుకుంటుంటే, అవ్వ పక్కనే ఉండగా, మేడం గొంతు తగ్గించి చెప్పింది. "సరోజా, ఈ బిడ్డ సగమే పుట్టిండు. కడుపుల ఉన్నప్పుడు ఊపిరితిత్తులకు పని లేదు, వాటి రక్తనాళాలు ముడుచుకునే ఉంటయ్. మొదటి ఊపిరికి తెరుచుకోవాలె. వీనికి ఆక్సిజన్ చాలక అట్లనే మూసుకున్నయ్. నెత్తురు కడుపుల ఉన్నప్పటి పాత తోవ పట్టి, గాలి తగలకుండనే కాళ్లకు పోతున్నది."

గోదావరి పొంగి బూర్గంపాడు వైపు దారి మూసుకుపోయింది, ఖమ్మం పెద్దాసుపత్రికి పంపే వీలు లేదు. తల మీద హుడ్, అదే ప్లాస్టిక్ గూడు, బోర్లించి ఆక్సిజన్ ఇచ్చాం. కాళ్లు రుద్ది వేడి పుట్టిస్తానని అవ్వ ముందుకు వచ్చింది. మేడం వద్దంది. ముట్టుకుంటే ఉలిక్కిపడి ఏడుస్తాడని, ఏడిస్తే ఆ నాళాలు ఇంకా బిగుసుకుంటాయని నచ్చజెప్పింది. అందరం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాం. నలుపు మోకాళ్ల దగ్గర ఆగి, తగ్గి, మళ్లీ పైకి పాకుతుంటే ఎవరో వాణ్ని కింద నుంచి లాగుతున్నారనిపించింది.

మర్నాటికి పాదాలు కాస్త ఎర్రబడ్డాయి. హమ్మయ్య అనుకుని డ్యూటీ డాక్టర్ ఆక్సిజన్ రవ్వంత తగ్గించాడు. అంతే. కళ్ల ముందే నలుపు ఛాతీ దాకా ఎగబాకింది. అవ్వ గోడకు ఆనుకుని కూలబడింది. మేడం పరుగున వచ్చి మీట తిప్పి ఆక్సిజన్ పెంచింది. చాలాసేపటికి గాని రంగు మళ్లలేదు. "ఒకసారి బెదిరిన నాళాలు. రవ్వంత తగ్గినా మళ్ల ముడుచుకుంటయ్. జల్దీ పడొద్దు," అని మాత్రం అంది. అంత కోపిష్టి మనిషి, ఆ డాక్టర్‌ను ఇంకో మాట అనలేదు.

అప్పటినుంచి ఆ మీటను ఆమె తప్ప ఎవరూ ముట్టలేదు. రోజుకు రవ్వంత తగ్గిస్తూ, చివరికి హుడ్ తీసేసినా పాదాలు ఎర్రగానే నిలిచిన పొద్దున, ఇక ఎత్తుకోవచ్చని అవ్వకు చెప్పింది. అవ్వ ఎత్తుకోలేదు. వంగి, ఆ అరికాళ్ల వైపే చూస్తూ మెల్లగా అడిగింది.

"అంతా వచ్చినవా నాయనా? ఆడ ఏం మిగల్లే గద?"

మేడం ముఖం పక్కకు తిప్పుకుంది. ఆమె ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

మేడం ఇప్పుడు లేదు. అలాంటి బిడ్డ వస్తే ఆక్సిజన్ పెట్టి ఊరికే నిలబడతానని, రాతిగుండె అని కొత్త సిస్టర్లు నా వెనక గుసగుసలాడతారు. అననీ. వాళ్లకున్నంత భయం నాకూ ఉంటుంది, చేతులు వాటంతటవే ముందుకు పోతాయి. వాటిని పట్టి ఆపడమే ఆమె నాకు నేర్పింది. ఇన్నేళ్లయినా ప్రతిసారీ కష్టంగానే ఉంటుంది.