అడుగు మచ్చు

గుంటూరు మిర్చి యార్డులో ఖాదర్‌బీ పని తాలు ఏరడం. ఎర్రటి కాయల్లోంచి తెల్లబారిన కాయను వేరుచేసే ఆ పనిలో ఆమెకు ఇరవై ఏళ్లు గడిచాయి. బస్తా మూతి దగ్గర మచ్చు చూసి ధర కట్టేవాళ్లంటే ఆమెకు నవ్వు. "పైనెప్పుడూ పెళ్లికూతురే. అడుక్కి చెయ్యి పెట్టి చూడు" అనేది.

2003లో కూతురు అనీసా ఎంసెట్ రాసింది. ఇంట్లో రేడియో విప్పి మళ్లీ బిగించే పిల్ల. చదివితే ఇంజనీరింగ్ ఫిజిక్సే చదువుతానంది. ఆ సంగతి ఎలా తెలిసిందోగాని, ఒక ప్రైవేటు కాలేజీ మనిషి వీరాంజనేయులు రంగుల పుస్తకంతో నల్లపాడులోని వాళ్లింటికి వచ్చాడు.

"గవర్నమెంటు యూనివర్సిటీలో ఫీజు తక్కువేనమ్మా. హాస్టలు, మెస్సు, రైలు కలపండి, ఏడాదికి ముప్పై వేలు దాటుద్ది. మాది అన్నీ కలిపి ఇరవై రెండే. బస్సు మీ సందు చివరికొస్తుంది. రేపు సాయంత్రంలోగా సర్టిఫికెట్లిస్తే సీటు మీదే."

"ఒరిజినళ్లా?"

"రూలండి."

"ఇంత చౌకగా ఎందుకిస్తున్నారు బాబూ?"

"పేదపిల్లలకు సేవండీ."

సేవ అన్న మాటతో ఆమె అనుమానం రెట్టింపైంది.

"మూడో ఏడాది పిల్లనొకదాన్ని చూపించు."

"కోర్సు పోయినేడే మొదలైందండి..."

"అమ్మా! దేవుడే దిగొచ్చినా నువ్వు రేషన్ కార్డు అడుగుతావు" అని అనీసా విసుక్కుంది.

మర్నాడు పొద్దున్నే ఖాదర్‌బీ పని మానుకుని ఆ కాలేజీకి వెళ్లింది. చల్లటి ఆఫీసు గది వైపు పోలేదు. వెనక కుళాయి దగ్గర చీపుర్లు కడుగుతున్న కోటేశ్వరి పక్కన చతికిలబడింది.

"ఫిజిక్సు ల్యాబు నువ్వే ఊడుస్తావా?"

"దాన్ని ఊడ్చేదేముందక్కా, తాళమేసుంటే! తనిఖీ రోజున బల్లల మీద మిషన్లు పెట్టారు. మర్నాడే వ్యానెక్కించారు."

తనిఖీకి వచ్చిన పెద్దలు ఆ గదికి మార్కులేసి పోయారు. ఊడ్చే మనిషిని ఒక్కరైనా అడగలేదు. ఇరవై రెండు వేలు ఎందుకు చాలుతున్నాయో ఆమెకు అప్పుడర్థమైంది.

విన్న అనీసా ఏడ్చింది. "ఊడ్చేవాళ్ల మాట పట్టుకుని చేతిలో సీటు వదిలేస్తావా? యూనివర్సిటీలోనూ రాకపోతే నా గతేంటి?"

ఖాదర్‌బీ సర్టిఫికెట్లున్న పెట్టె మీదే కూర్చుంది. సాయంత్రం వచ్చిన వీరాంజనేయులు ఎంత బతిమాలినా లేవలేదు. ఆ పూట అన్నమూ తినలేదు.

ఇరవై రోజుల తర్వాత యూనివర్సిటీలో సీటు పిలుపొచ్చింది. తల్లీకూతుళ్లు వెళ్లి వరసలో నిలబడ్డారు. అనీసా వంతు వచ్చేసరికి పక్కనున్న తల్లి లేదు. సర్టిఫికెట్లు ఆమె సంచిలోనే ఉన్నాయి. పిల్ల ఆవరణంతా వెతికింది. ఫిజిక్సు ల్యాబు వెనక, బుల్లయ్య అనే ఊడ్చే ముసలాయన చెత్తగంపను బోర్లించి ఖాదర్‌బీ చేత్తో కెలుకుతోంది. వైరు ముక్కలు, మాడిన ఫ్యూజులు, పగిలిన గాజు.

"రోజుకెన్ని గంపలు పెద్దాయనా?"

"రెండమ్మా. పాడు పిల్లలు, అన్నానికి పిలిచినా ల్యాబులోంచి కదలరు!"

మాడిన వైరు ముక్కొకటి తీసి, మిరపకాయను చూసినట్టే వాసన చూసింది. తర్వాత సంచిలోంచి సర్టిఫికెట్లు తీసి కూతురి చేతిలో పెట్టింది.

"పో, ఇచ్చిరా. రసీదు మాత్రం తీసుకో."