మాదాపూర్‌లో మంచు అడవి

మొన్న మెట్రోలో నా పక్కన కూర్చున్నావిడ సీసా మూత తీసి నుదుటికి బామ్ రాసుకుంది. ఆ ఘాటు వాసనకు ఎవరికైనా తలనొప్పి గుర్తొస్తుందేమో, నాకు మాత్రం మంచు గుర్తొస్తుంది. మంచు కింద వంగిన కొమ్మలు, వాటి నుంచి గడ్డంలా వేలాడే నాచు, చెట్ల మధ్య ఎవరివో అడుగుజాడలు కళ్ల ముందుకొస్తాయి. ఆ అడవిని నాకు మొదట చూపించిన సుగుణ మేడం రోజంతా కంప్యూటర్ తెర చూసీ చూసీ, సాయంత్రమయ్యేసరికి నుదుటికి బామ్ పట్టించేవారు. ఆ అడవిని ఆవిడ కూడా తెర మీద తప్ప ఎన్నడూ చూడలేదు.

డిగ్రీ అయ్యాక నేను సిద్దిపేట నుంచి వచ్చి, హాస్టల్లో ఉంటూ ఏడాదిపాటు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం తిరిగాను. దొరకలేదు. చివరికి మాదాపూర్‌లో ఒక చిన్న ఆఫీసులో ఫొటోలకు పేర్లు పెట్టే పనిలో చేరాను. హిమాలయాల్లో బాగా ఎత్తున ఉన్న ఒక అడవిలో పరిశోధకులు చెట్లకు కెమెరాలు కట్టారు. ఎదుట ఏది కదిలినా, ఆఖరికి గాలికి కొమ్మ ఊగినా అవి ఫొటో తీసేవి. ఏ ఫొటోలో ఏ జంతువు ఉందో మేం చూసి రాయాలి. ఏమీ లేకపోతే ‘ఖాళీ’ అని నొక్కాలి. మేం రాసినవాటిలోంచి కొన్నిటిని తీసి సుగుణ మేడం సరిచూసేవారు. గుంటూరులో ఒక జూనియర్ కాలేజీలో ఇరవై ఏళ్లు జువాలజీ చెప్పి, అది మూతపడ్డాక కొండాపూర్‌లో చెల్లెలి ఇంటికి వచ్చేశారు. ఆదివారం చర్చి, మిగతా రోజులు ఆఫీసు. మాకందరికీ అమ్మ వయసు.

చేరిన మూడోవారంలో ఆవిడ నన్ను తన కుర్చీ దగ్గరికి పిలిచి, నేను ఖాళీ అని నొక్కిన ఫొటో ఒకటి తెరిచారు. చెట్లు, పొదలు, పొగమంచు. నాకేమీ కనిపించలేదు. ఆవిడ చెప్పరు, చూడమంటారు. ఎంతో సేపటికి రెండు మొదళ్ల మధ్య ఒక చెవి అంచు కనిపించింది. ఆ తర్వాత కన్ను, ముందుకాళ్ల కంటే పొడుగ్గా ఉన్న వెనక కాళ్లు. కస్తూరి మృగం. దాని సువాసన కోసం మనుషులు వేటాడి వేటాడి దాన్ని కరువు చేశారని, కదలకుండా నిలబడటమే అది నేర్చుకున్న రక్షణ అని చెప్పారు. ఆమె గొంతులో కోపం లేదు. ఉండుంటే బాగుండేదనిపించింది.

సిగ్గుపడ్డాను కానీ బుద్ధి రాలేదు. ఆ నెల ఎక్కువ ఫొటోలు పూర్తి చేసినవాళ్లను పర్మనెంట్ చేస్తారన్నారు. ఒక వాలు మీది కెమెరా ఫొటోలన్నీ ఒకేలా కనిపిస్తుంటే, నేను ఒక్కొక్కటీ తెరవకుండానే వరసగా ఖాళీ అని నొక్కుకుంటూ పోయాను. ఆ ఫొటోల బ్యాచ్ పరిశోధకులకు వెళ్లిపోయాక మేడం మాటల్లో తెలిసింది. ఎక్కడ జంతువులు తిరగడం లేదో అక్కడి నుంచి కెమెరాలు తీసేస్తారట. కాపాడాల్సిన చోట్ల జాబితాలోకి ఆ వాలు ఇక రాదట. రెండు రోజులు అన్నం సరిగా తినలేకపోయాను. మూడోరోజు క్యాంటీన్‌లో ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

“మేడం, అవి నేను జూడలే. తెరవకుండనే ఖాళీ అని కొట్టిన.”

ఆవిడ చెంచా పక్కన పెట్టారు. “మనం లేవని రాస్తే అవి లేనట్టే లావణ్యా. అంత దూరం వెళ్లి మళ్లీ ఎవరూ చూడరమ్మా,” అన్నారు. మళ్లీ చెంచా అందుకుంటూ, “శనివారం రాగలవా?” అని అడిగారు.

ఆ బ్యాచ్ తానే సరిగా చూడలేదని, మళ్లీ ఇస్తామని ఆవిడ మేనేజర్‌తో చెప్పారు. నా పేరు ఎత్తలేదు. ఆయన అందరి ముందూ ఆవిడనే మందలించాడు. నేను నోరు తెరవబోతే కళ్లతోనే వద్దన్నారు. శనివారం ఉదయం నుంచి ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఒక్కో ఫొటో తెరిచాం. చూస్తూనే మేడం చెబుతున్నారు: మంచు పెరిగితే ఏవి కిందికి దిగుతాయో, చెట్లు ఆగిపోయి గడ్డి మొదలయ్యే చోట భూర్జ చెట్లు ఎందుకు వంకరగా పెరుగుతాయో. చాలావరకు నిజంగానే ఖాళీ. మధ్యాహ్నం దాటాక ఒక ఫొటోలో పొద పక్కన కస్తూరి మృగం కనిపించింది. దాని పొట్ట కింద మచ్చల పిల్ల ఒకటి. మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆదివారం ఆవిడ చర్చి నుంచి నేరుగా ఆఫీసుకే వచ్చారు.

పది రోజులకు పరిశోధకుల నుంచి జవాబు వచ్చింది. ఆ వాలు మీద ఇంకో ఏడాది కెమెరాలు ఉంచుతున్నామని రాశారు. మేడం దాన్ని బయటికి చదివి, రెండోసారి చూసింది లావణ్య అని మేనేజర్‌కు చెప్పారు. మొదటిసారి చూడనిది కూడా నేనేనని అప్పుడు చెప్పాను. నన్ను పర్మనెంట్ చేయడం ఆర్నెల్లు వెనక్కి పోయింది. ఆ ఆర్నెల్లూ నేను ఆవిడ పక్క కుర్చీలోనే ఉన్నాను, ఇష్టంగా.

నిరుడు, కెమెరాలు చూసుకోవడానికి సాయం కావాలని ఆ పరిశోధకులు రాస్తే సెలవు పెట్టి ఆ అడవికి వెళ్లాను. అప్పటికే మేడం ఆఫీసు మానేసి మణికొండలో ఒక బడిలో సైన్స్ చెబుతున్నారు. మోకాళ్లు ఎక్కనివ్వవు కాబట్టి రాలేనన్నారు. మొదటిరోజు అడవిలో నాకు చెట్లు తప్ప ఏమీ కనిపించలేదు. సిగ్నల్ దొరికే మలుపు దాకా దిగి ఫోన్‌లో ఆ మాటే చెప్పాను.

“ఎంతసేపు కూర్చున్నావు?”

“పది నిమిషాలు ఉంటది మేడం.”

“నీ అలికిడికి బెదిరినవి సర్దుకోవడానికే ఆమాత్రం పడుతుంది. రేపు ఇంకాసేపు కూర్చో.”

మర్నాడు కూర్చున్నాను. కాళ్లు తిమ్మిరెక్కాయి, ముక్కు గడ్డకట్టింది. చాలాసేపటికి నీలిరెక్కల పక్షి ఒకటి ఓక్ కాయను ముక్కున పట్టుకొచ్చి, నాచులో గుచ్చి, పైన ఒక ఆకు కప్పి ఎగిరిపోయింది. చెబితే మేడం చాలాసేపు నవ్వారు. ఆ పక్షులు చలికాలానికని దాచుకుని కొన్నిటిని మరిచిపోతాయట. ఆ మరిచిపోయినవే మొలిచి, ఓక్ చెట్లు కొండ మీదికి ఎక్కుతాయట.

ఒక చోట ఏమీ లేదని చెప్పడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. ఇంకాసేపు కూర్చుంటాను.