గుడ్డకు మొగమాటం లేదు

తొడుగులోంచి పాత కేబుల్ లాగుతుంటే ముందు వాసన వచ్చింది. తుప్పు, ఎండిపోయిన గ్రీజు, రెండింటినీ కలిపి కొట్టే ఉప్పుగాలి. తుష్నాబాద్ నుంచి ఒక రైతు తన తండ్రి నడిపిన అంబాసిడర్‌ను హాడోలోని నా షెడ్డుకు తెచ్చాడు. హ్యాండ్‌బ్రేకు లాగితే చేతికి వస్తోంది గాని చక్రాలను పట్టుకోవడం లేదు. పైతొడుగు నిక్షేపంలా ఉంది. లోపలి తీగలో సగం పోగులు తెగిపోయాయి. "జోడించి ఇచ్చేయండి భయ్యా, చల్తా హై. కొత్తది ఓడ మీద ఎప్పుడొస్తుందో ఏమో," అన్నాడాయన. కుదరదన్నాను. ఎందుకో చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. అది నాకు పాత జబ్బు.

నాకు పని నేర్పింది పైడయ్య మావ. చుట్టం కాదు, శ్రీకాకుళం తీరం నుంచి ఈ దీవులకు వచ్చిన మా జాలరి కుటుంబాల్లో పెద్దవాళ్లంతా మావలే. పాతికేళ్లొచ్చినా పడవెక్కితే వాంతి చేసుకునే నన్ను, సముద్రానికి పనికిరానని తేల్చి, మా నాన్న ఆయనకు అప్పగించాడు. ఆయన టాక్సీ నడిపేవాడు, స్టాండులో మిగతా టాక్సీలకు మరమ్మతులూ చేసేవాడు. ఏ కేబుల్‌నైనా బయటికి తీసి, పాత నూలు లుంగీ ముక్కతో ఈ కొస నుంచి ఆ కొస దాకా తుడిచేవాడు. తెగిన పోగు ఉంటే గుడ్డను పట్టేస్తుంది. "కళ్లు అబద్దమాడతాయిరా. గుడ్డకి మొగమాటం నేదు," అనేవాడు.

ఒక వర్షాకాలం ఆయన జ్వరంతో పడుకుని ఉండగా, ఆయన టాక్సీ హ్యాండ్‌బ్రేకు కేబులే తెగింది. సముద్రం బాగోలేక చెన్నై ఓడ రాలేదు. నాన్న డింగీ పడవలో వైరు తాడు బిగించే క్లాంపులు రెండు తెచ్చి, తెగిన కొసలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి బిగించేశాను. పడవ మీద అది ఏళ్ల తరబడి నిలిచే పని. పడవను ఎవరూ వాలులో ఆపరన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. గుడ్డ జోలికీ పోలేదు.

"కొత్తది ఏసినావేట్రా?" అని మంచం మీంచి అడిగాడు.

"కొత్తదానికంటే గట్టిగా ఉంది మావా," అన్నాను.

లేచి బండి తీసిన మొదటి రోజే ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర వాలులో ఆపాడు. బ్యాటరీ నీరసంగా ఉందని ఇంజిను ఆపలేదు. కర్రుమని బ్రేకు లాగిన చప్పుడు పక్క సీట్లో ఉన్న నేను విన్నాను. ప్రయాణికులూ, మేమిద్దరమూ దిగాం. ప్రయాణికుల సామాను తీయడానికి ఆయన వెనక్కి వెళ్లాడు. కారూ వెనక్కే వెళ్లింది. గోడకీ డిక్కీకీ మధ్య ఆయన నడుము విరిగింది.

ఆసుపత్రిలో పోలీసు అడిగితే, "బ్రేకు లాగడం మర్చిపోనాను సాబ్," అన్నాడు, నా వైపు చూడకుండా. పోలీసు వెళ్లాక నేను నోరు తెరవబోయాను. "ఊరుకో. నువ్వింకా బళ్లు బాగుసెయ్యాల. నానింక నడిపేది నేదు."

స్టాండులో నవ్వుకున్నారు: "అందరి బ్రేకులూ సూసినోడు తన బ్రేకు మర్చిపోనాడు." నేనూ అక్కడే టీ తాగుతున్నాను. క్లాంపు పట్టు వదిలేసింది గాని నా మౌనం వదల్లేదు. ఆయన రెండు వర్షాకాలాలు మంచం మీదే ఉండి, మతిమరుపు ముసలాయన అన్న పేరుతో కన్నుమూశాడు.

మూడు వారాలకు ఓడ రైతు కారుకు కొత్త కేబుల్ తెచ్చింది. దాన్నీ లుంగీ ముక్కతో తుడుస్తుంటే రైతు నవ్వాడు.

"కొత్తదానికి కూడానా? ఎవరు నేర్పారు భయ్యా?"

"పైడయ్య మావ."

"ఎవరూ, ఫీనిక్స్ బేలో బ్రేకు మర్చిపోయిన ముసలాయనా?"

గుడ్డ ఎక్కడా పట్టలేదు. దాన్ని పక్కన పెట్టాను. "మర్చిపోలేదు," అన్నాను. "లాగాడు. చప్పుడు నేను విన్నాను. ఆ కేబుల్‌ను క్లాంపులతో అతికించింది నేను."

కేబుల్ బిగించి, బ్రేకు లాగి చూపించాను. రైతు ఒక రాయి వెతికి తెచ్చి వెనక చక్రం కింద పెట్టాడు. నాకు కోపం రాలేదు. లుంగీ ముక్క మడిచి జేబులో పెట్టుకున్నాను. సాయంత్రం స్టాండుకు వెళ్లాలి. ఆనాడు నవ్విన వాళ్లలో ముగ్గురు ఇంకా అక్కడే ఉన్నారు.