మేడమీద గది, ముందు సీటు

అరవైల చివర్లో నేను టెక్కలిలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. వారమంతా ఒకే హోటల్లో భోజనం. శనివారం ఉద్దానంలోని మా ఊరికి పోవడం, సోమవారం తిరిగి రావడం ఒకే బస్సులో. అలా కొన్నేళ్ళు గడిచేసరికి రెండుచోట్లా పాతకాపునైపోయాను. హోటలాయన తన దగ్గర విడవకుండా తినేవాళ్ళకు ఒక మర్యాద చేసేవాడు. ఏడాదికోసారి మన చుట్టాలెవరైనా ఊరినుంచి వస్తే మేడమీద గది ఇచ్చి, వాళ్ళున్నన్నాళ్ళూ ఊరికే భోజనం పెట్టేవాడు. బస్సు యజమాని పద్ధతి వేరు. ఏడాది పొడుగునా తన బస్సే ఎక్కినవాడి ఇంట్లో ఒకరికి నెల్లాళ్ళపాటు టిక్కెట్టు లేకుండా ముందు సీటు.

ఈ రెంటిలో ఏది లాభమని మా ఆఫీసులో పెద్ద వాదం నడిచేది. నా పక్కన కూర్చునే గుమాస్తాది బస్సు పక్షం. గదంటే నాలుగు గోడలేనయ్యా, బస్సయితే దర్జాగా కూర్చుని నాలుగూళ్ళు చూడొచ్చు అనేవాడు. నాది హోటలు పక్షం. నాలుగూళ్ళు చూశాక అయినా ఆకలి వెయ్యక మానదు కదా అనేవాణ్ణి. పని లేని మధ్యాహ్నాలు మాకలా సరదాగా వెళ్ళిపోయేవి.

మా నాన్న మా ఊరి శివాలయం అర్చకులు. ఒకరోజు తెల్లవారుతూనే నైవేద్యం గిన్నె పట్టుకుని కొబ్బరితోటల మధ్యనుంచి గుడికి వెళ్తుంటే ఒక కుక్క వచ్చి పిక్క పట్టుకుంది. అది ఎవరి కుక్కో తెలీదు. సముద్రపొడ్డున బారువ వైపు ఎండుచేపల కోసం తిరిగే కుక్కలు చాలా ఉండేవి, వాటిలోదే అయ్యుంటుంది. కరిచి సముద్రం వైపు పారిపోయింది. మళ్ళీ కనబడితే అది బాగానే ఉందో, పిచ్చెక్కి చచ్చిందో చూసుకుని మనసు కుదుటపరుచుకునేవాళ్ళం. ఎంత వెతికించినా కనబడలేదు. నాన్న కాలికి పసుపు అద్దుకుని, పూజ ముగించుకునే ఇంటికొచ్చారట. శనివారం నేను గుమ్మంలో అడుగుపెట్టగానే అమ్మ ఆ సంగతి చెప్పి ఏడ్చింది.

మర్నాడే టెక్కలి తీసుకొచ్చి డాక్టరుకు చూపించాను. బొడ్డు చుట్టూ రోజుకొకటి చొప్పున పద్నాలుగు సూదులు పొడవాలన్నారాయన. మధ్యలో తప్పితే మందును నమ్ముకోవడానికి లేదన్నారు. ఆ రోగం పైకి వచ్చాక చేసేదేమీ లేదని, నాన్న వినకుండా, నాకు విడిగా చెప్పారు.

ఆస్పత్రికీ హోటలుకూ మధ్య ఒక సందే అడ్డం. నాన్నను ఆస్పత్రి అరుగుమీద కూర్చోబెట్టి హోటలాయన దగ్గరికి పరిగెత్తాను. ఆయన సంగతంతా విని, వెంటనే మేడమీద గది తుడిపించాడు. నాన్న హోటలు వంట తినరని నేను నసుగుతుంటే నవ్వేశాడు.

“దానికేటి బాబూ? కుంపటి ఇప్పిత్తాను, బొగ్గులిత్తాను. పంతులుగోరు తవరే వొండుకుంతారు. ముందు మనిసి బాగుండాల.”

నాన్న మాత్రం అరుగుమీంచి లేవలేదు.

“నేనిక్కడ పడుకుంటే అక్కడ దీపం ఎవడు పెడతాడ్రా?”

అన్నయ్య పెడతాడన్నాను. అన్నయ్యంటే మా పెదనాన్నగారి కొడుకు. పక్క వీధిలోనే ఉండేవాడు. గుడి వంతు తనదని ఒకరు, కాదు తనదని ఒకరు, పెదనాన్నా నాన్నా తగువులాడుకున్నారు. పెదనాన్న పోయాక ఆ తగువు అన్నయ్యకు సంక్రమించింది.

“గుడి తాళంచెవి ఒక్కసారి వాడి చేతికిస్తే, మళ్ళీ నా చేతికొస్తుందనుకున్నావా?” అన్నారు నాన్న.

నాకు ఒళ్ళు మండిపోయింది. భక్తే అయితే దణ్ణం పెట్టి ఊరుకునేవాణ్ణి. తాళంచెవి కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటాననే మనిషిని ఏమనాలి? నడివీధి అని కూడా చూడకుండా కేకలేశాను. ఆయన అంతా విని, కండువా దులుపుకుని, బస్సు సీటు కూడా ఉందన్నావు కదా, అది చాలు అన్నారు. హోటలాయన సందులోకి తెచ్చిన కుంపటి తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాటినుంచి నాన్న చీకటితోనే పూజ ముగించుకుని మొదటి బస్సెక్కేవారు. కండక్టరు కిటికీ పక్క సీటు మీద తువ్వాలు వేసి ఉంచేవాడట. నేను ఆస్పత్రి దగ్గర కాచుకుని ఉండేవాణ్ణి. సూది పొడిచినచోటల్లా పొట్ట వాచి గట్టిపడింది. ఆ పొట్టను రెండు చేతులా పట్టుకుని, గతుకుల రోడ్డు మీద అంత దూరం తిరిగి వెళ్ళి, స్నానం చేసి దీపం పెట్టేవారు. సగానికి పైగా సూదులు అలాగే అయిపోయాయి. ఆయన పంతమే నెగ్గేట్టుందని ఆఫీసులో నేనే చెప్పాను. బస్సు పక్షం గుమాస్తా నాకు టీ ఇప్పించాడు.

అప్పుడు వాన పట్టుకుంది.

టెక్కలి దారిలో మా ఊరికీ పలాసకూ మధ్య ఉన్న గెడ్డ, అదే వాగు, పొంగితే బస్సు రాదు. ఆరోజు రాలేదు. నేను ఆస్పత్రి అరుగుమీద నిలబడి, నర్సు సూదుల పెట్టె మూసేసేదాకా రోడ్డు వైపే చూస్తూ ఉండిపోయాను. మర్నాడూ అంతే. దారిలో కనబడిన హోటలాయన నన్ను చూసి, గది ఖాళీగానే ఉందని మాత్రం అన్నాడు.

మూడోరోజు గెడ్డ తీసింది. నాన్న బస్సు దిగి వచ్చారు. అడిగితే జరిగింది చెప్పారు. మొదటిరోజు బస్సు రాకపోతే తడుస్తూ నడక మొదలుపెట్టారట. ఎవరో చెయ్యి పట్టుకుని గెడ్డ కూడా దాటించారట. అక్కణ్ణుంచి పలాస ఎంతో లేదు. పలాసలో రైలో, లారీయో ఏదో ఒకటి దొరికేది. కాని అప్పటికే పొద్దు బాగా వాలింది. ముందుకు వెళ్తే దీపం వేళకు ఇంటికి చేరలేనని, దాటిన గెడ్డను మళ్ళీ దాటి వెనక్కి వెళ్ళిపోయారట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో తప్పు చేసినట్టేమీ లేదు. నాకు కోపం కూడా రాలేదు, భయం వేసింది.

డాక్టరు తిట్టలేదు. మిగిలిన సూదులు పొడిచి, ఇక చూడ్డమే అన్నారు. ఎన్నాళ్ళు చూడాలని అడిగాను. నెలలు పట్టొచ్చన్నారు. ముందుగా కనబడేది నీళ్ళంటే భయమనీ, గుటక పడదనీ చెప్పారు.

అలా చూడ్డం మొదలుపెట్టాం. పొద్దున నాన్న సంధ్యకు కూర్చుని ఆచమనం చేస్తే, అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఆయన గొంతు వైపే చూసేది. నేను శని ఆదివారాలు పేపరు అడ్డం పెట్టుకుని అదే పని చేసేవాణ్ణి. నాన్నకు తెలుసు. మేము చూస్తున్నామని ఉద్ధరిణెడు నీళ్ళు కూడా చప్పుడు చేస్తూ మింగేవారు. ఆయన దగ్గితే చాలు, అమ్మ చేతిలో ఉన్నది కింద పెట్టేసేది.

ఊరికి కూడా తెలిసిపోయింది. సూదులు తప్పాయని తెలిసింది, నీళ్ళ సంగతీ తెలిసింది. ఎవరూ ఏమీ అనలేదు. గుడికి వచ్చేవాళ్ళు కొంచెం పలచబడ్డారు, అంతే.

ఒక సోమవారం సెలవు దొరికి నేనూ గుడికి వెళ్ళాను. నాన్న తీర్థం ఇస్తున్నారు. మా ఎదురింటావిడ చిన్నపిల్లను చంకనేసుకుని వచ్చి చెయ్యి పట్టింది. తీర్థం పోశాక నోటిదాకా తీసుకెళ్ళి, వేళ్ళు విప్పేసింది. నీళ్ళు గచ్చుమీద పడ్డాయి. తడిచెయ్యి తల మీద రాసుకుని, పిల్ల చెయ్యి మాత్రం చాపనివ్వకుండా తన చీరకొంగులోకి దాచుకుంది. ఆవిడ మంచిది. మా అమ్మకు పురుడు పోసింది కూడా వాళ్ళమ్మే. నాన్న గచ్చుమీద నీళ్ళ వైపు చూశారు, ఆ పిల్ల వైపు చూశారు. తర్వాతివాళ్ళకు తీర్థం ఇవ్వలేదు.

ఆ సాయంత్రం దీపం పెట్టాక, తాళం వేసి, నన్ను రమ్మని అన్నయ్య ఇంటికి నడిచారు. అన్నయ్య కంగారుపడి లేచి నిలబడ్డాడు.

“ఇదుగోరా. ఊళ్ళోవాళ్ళు చెయ్యి చాపలేకపోతున్నారు” అని తాళంచెవి అతని చేతిలో పెట్టారు.

అన్నయ్య పుచ్చుకోనని వెనక్కి తగ్గాడు. ఈ గండం గడిచాక మళ్ళీ తీసుకోండి బాబాయ్ అని ఏడ్చినంత పని చేశాడు. నాన్న అతని వేళ్ళు తనే మూసి ఇవతలికి వచ్చేశారు. దారిలో నాకు ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది, పట్టుకున్నాను.

నాన్నకు ఏ జబ్బూ రాలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికారు. అన్నయ్య ఎన్నిసార్లు బతిమాలినా తాళంచెవి ముట్టుకోలేదు. రోజూ స్నానం చేసి గుడికి వెళ్ళి, అందరితోపాటు వరుసలో నిలబడి అన్నయ్య ముందు చెయ్యి చాపేవారు. ఆయన ఆ తీర్థం మింగేదాకా అమ్మ తన చెయ్యి చాపేది కాదు.